మంగళవారం పలక

ఈ ఊరి కొండలన్నీ పలకలే.
తడిస్తే నల్లన, ఆరితే ఊదా.
ఇద్వల్ నలభై ఏళ్లు వాటిని ఉలితో చీల్చాడు,
రాయి ఎక్కడ విడిపోవాలనుకుంటుందో
చెవి ఆనించి విని మరీ.

మార్చిలో ఒక తెల్లవారుజామున
ఎవరో అతణ్ణి అలాగే చీల్చారు.
కుడి చెయ్యి, కుడి కాలు, సగం మొహం ఒక పెచ్చుగా ఊడాయి.
దాంతో పాటే ఇంగ్లీషు కూడా.

మిగిలింది వాళ్లమ్మ భాష, వెల్ష్.
నేనా, లివర్‌పూల్ దాన్ని.
ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఆ భాషలో నాకు వచ్చింది
ఒక దండం, ఒక వీడ్కోలు,
పెళ్లిళ్లలో నలుగురితో పాటు పెదాలాడించడం.

"ఓయిర్" అనేవాడు.
పగలూ అదే, రాత్రీ అదే. ఓయిర్.
ఆయిల్ అనుకున్నాను.
దుప్పటి తీసేసి, పైజామా మడిచి,
కాలికీ చేతికీ నూనె రాశాను, మూడు వారాలు.
కళ్లనీళ్లు పెట్టుకునేవాడు.
నొప్పేమో అని ఇంకా మెల్లగా,
ఇంకా ఎక్కువసేపు రాసేదాన్ని.

చాపెల్ వెనక గదికి ఎదురింటావిడ తోలుకుపోయింది మమ్మల్ని.
మంగళవారం, రెండింటికి.
గుమ్మంలోనే అన్నాడు: ఓయిర్.
లోపలున్న పదకొండు మందిలో
లేవగలిగినవాళ్లు లేచి,
లేవలేనివాళ్లు చేతికర్రతో తోసి,
హీటర్ అతని వైపు తిప్పారు.
"చలి అంటున్నాడమ్మా," అంది గ్వెన్‌వ్రాన్. "చలేస్తోందట, అంతే."

నేను వంటగదిలోకి వెళ్లి రెండు కుళాయిలూ తిప్పాను.
ఏమైందని ఎవరూ అడగలేదు.
ఒకామె తువ్వాలు అందించింది, తుడవాల్సిన కప్పులు చూపించింది.
అక్కడ సింకు దగ్గరే మాట్లాడుకుంటారు
మంచి మొహం అక్కర్లేనివాళ్లు.
"రాత్రి దిండు చేతిలో పట్టుకుని నిలబడ్డాను,"
అందొకామె, "నా నోటికి అడ్డం పెట్టుకుని అరవడానికే."
కాసేపాగి, "అందుకేననుకుంటా," అంది.
మేం కప్పులు కడుగుతూనే ఉన్నాం.
ఎవరి చెయ్యీ ఆగలేదు.

నెరిస్‌కి ముప్పై నాలుగు. క్షౌరశాల ఆమెది.
ఇప్పుడు ఎడంచేత్తో కత్తిరిస్తుంది,
అందుకే మా అందరి ముంగురులూ ఒకే పక్కకి వాలి ఉంటాయి.
సంతలో దూరం నుంచే పోల్చుకుంటాం, మనవాళ్లేనని.
టెక్విన్ బస్సు నడిపేవాడు.
పేర్లన్నీ పోయాయి, అంకెలూ బూతులూ మిగిలాయి.
వాటితోనే ఏ ఊరికైనా దారి చెప్పేవాడు.

నాకో పలక ముక్క ఇచ్చారు, ఒక సుద్ద.
వారానికి ఐదు మాటలు.
అరవై మూడేళ్లకి ఓనమాలు.
మా ఆయనే పంతులు:
వాక్యం కట్టలేడు, నా తప్పు మాత్రం వినగలడు.
తప్పు పలికితే బల్ల మీద ఎడమ చిటికెన వేలితో ఒక్కటి.
అదే చెవి. రాయిని విన్నదే.
పలుకు పలక లాంటిదే కాబోలు,
గట్టిగా కొడితే ముక్కలవుతుంది,
చోటు తెలిసి తడితే పొరలా విడివడుతుంది.

నవంబరులో టెక్విన్ రాలేదు.
రెండోసారి వచ్చిందట, స్నానాల గదిలో.
గ్వెన్‌వ్రాన్ అలవాటుగా అతని కప్పు నింపేసింది.
దాన్ని ఎవరూ తాగలేదు, పారబోయలేదు,
నాలుగింటి దాకా దాని చుట్టూ కూర్చున్నాం.
చివరికి నెరిస్ ఎత్తి చల్లటి టీ గటగటా తాగేసి
అతని బూతే ఒకటి తిట్టింది.
అందరం తలూపాం.

జనవరిలో జ్వరం నాకొచ్చింది.
పళ్లు టకటకా కొట్టుకుంటుంటే
ఏ భాషలో మూలిగానో నాకు తెలీదు.
పక్క మంచం కిర్రుమంది.
కర్ర నేలకు తగిలిన చప్పుడు,
ఈడుస్తున్న కాలి చప్పుడు,
మూడడుగుల దూరానికి పదకొండు నిమిషాలు, గడియారం చూశాను.
దుప్పటి సగం నా మీద పడింది, సగం నేల మీద.
వంగి నా మొహంలోకి చూశాడు,
పెదవి ఒక కొస పైకి లేచింది.

"ఆయిల్?" అన్నాడు.